చిప్ప నొప్పికి మర్దన ఒక్కటే చాలదండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ హెల్త్ పేజీలో మోకాళ్ల నొప్పుల మీద ఏం వచ్చినా వదలకుండా చదువుతాను, కానీ ఎప్పుడు చూసినా అరుగుదల, గుజ్జు, ఆపరేషన్, లేదంటే మర్దన, ఇంతే. మోకాలి చిప్ప చుట్టూనో దాని వెనకాలో వచ్చే నొప్పి ఒకటుందండి, పటెల్లోఫెమొరల్ పెయిన్ అంటారు, ఇది ఎక్కువగా టీనేజ్ పిల్లలకి, వయసులో ఉన్నవాళ్లకి, పరుగెత్తేవాళ్లకి వస్తుంది. ఎక్స్‌రే తీస్తే మామూలుగా ఏమీ కనపడదు, కానీ మెట్లు దిగాలంటే మాత్రం ప్రాణం మీదకొస్తుంది. కాలు ముడుచుకుని సినిమా అంతా కూర్చుని లేస్తే పట్టేస్తుంది కాబట్టి దీనికి మూవీగోయర్స్ నీ అని కూడా పేరు పెట్టారు.

నాకూ వచ్చింది కాబట్టే ఇదంతా రాస్తున్నా. మొదట ఒక చోటికి రెండు నెలలు తిరిగాను, రోజూ బెడ్ మీద పడుకోబెట్టడం, జెల్ రాసి మిషన్ తిప్పడం, తర్వాత చేత్తో చిప్పని అటూ ఇటూ జరిపి తొడ కండరాలు పిసకడం, అబ్బ ఎంత హాయిగా ఉండేదో! తీరా ఆ బిల్డింగ్ మెట్లు దిగి కిందకి వచ్చేసరికి నొప్పి మళ్లీ మామూలే. ఒక్క ఎక్సర్‌సైజ్ కూడా నేర్పలేదు, నేనూ అడగలేదు, చేయించుకుంటే పోతుంది అనుకున్నా.

తర్వాత వెళ్లిన ఫిజియో గారు అసలు మోకాలు ముట్టుకోకుండానే అద్దం ముందు చిన్న పీట ఎక్కించి ఒక కాలి మీద నిలబడి రెండో కాలు మెల్లగా కింద పెట్టమన్నారు. చూస్తే నా మోకాలు లోపలికి వంగిపోయి పక్క కాలిని చూస్తోంది, నడుము ఒక పక్కకి ఒరిగిపోతోంది! తొడ ముందు కండరంతో పాటు తుంటి కండరాలకి కూడా బలం కావాలమ్మా అన్నారు. పక్కకి పడుకుని పై కాలు ఎత్తడం, గోడకి వీపు ఆనించి సగం దాకా కూర్చోవడం, ఆ పీట దిగడం, ఇవే పని. చేసేటప్పుడు నొప్పి 10కి 3 దాటకూడదు, వచ్చింది కూడా మర్నాడు పొద్దున్నకి సర్దుకోవాలి, లేకపోతే తగ్గించి చెయ్యమన్నారు. ఆరు వారాల దాకా పెద్ద తేడా తెలియలేదు, నిజం చెప్పాలంటే విసుగొచ్చింది కూడా. మూడో నెలలో ఒకరోజు మా అమ్మాయే అంది, అమ్మా నువ్వు రైలింగ్ పట్టుకోకుండా దిగేశావు అని.

అలాగని చేత్తో చేసే వైద్యం దండగ అనను, నొప్పి కాస్త తగ్గితే వ్యాయామం మొదలుపెట్టడం తేలికవుతుంది. కానీ అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ ఆర్థోపెడిక్ విభాగం వాళ్ల 2019 గైడ్‌లైన్‌లో తుంటికీ మోకాలికీ కలిపి వ్యాయామం చేయించమని ఉంది, మాన్యువల్ థెరపీ, అంటే ఈ చేత్తో చేసే వైద్యం, ఒక్కటే చేసి వదిలెయ్యొద్దని, జెల్ రాసి తిప్పే అల్ట్రాసౌండ్ లాంటి మిషన్లు వాడొద్దని కూడా ఉంది. చిప్పకి టేప్ వేయడం కూడా వ్యాయామంతో కలిపి ఒక నాలుగు వారాల వరకే అన్నారు. అంటే నేను రెండు నెలలు చేయించుకున్నదేమో వాళ్లు వద్దన్నది, నాకు ఎవరూ నేర్పనిదేమో వాళ్లు ముందు చెయ్యమన్నది!

ఇంకోటి, కూర్చుని లేచేటప్పుడు మోకాల్లో టకటక చప్పుడొస్తే అరిగిపోయిందని హడలిపోతారు మనవాళ్లు, నొప్పీ వాపూ లేకుండా ఉత్త చప్పుడే అయితే మామూలుగా భయపడక్కర్లేదు. మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినట్టు అయినా, దెబ్బ తగిలి కాలు మోపలేకపోయినా, జ్వరం ఉన్నా వ్యాయామాలు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. పిల్లలు మోకాలు నొప్పి అంటే తుంటి కూడా చూపించండి, అక్కడి సమస్య ఇక్కడ నొప్పిగా తెలుస్తుంది ఒక్కోసారి.

అందుకని ఎడిటర్ గారూ, ఈసారి మోకాళ్ల మీద వ్యాసం వేస్తే ఎర్రగా వెలిగే మోకాలు పట్టుకుని మూలిగే మనిషి బొమ్మ వద్దండి, పీట దిగే కాలు ఫోటో వెయ్యండి, మోకాలు ఎటు ఒరగకూడదో తెలిసేట్టు.

ఇట్లు,
మీ పాఠకురాలు