ఇంజిన్ ఆగితే ఏం చేయాలి: వచ్చే బ్యాచ్ నుంచి క్లాసుల్లో మార్పు

విద్యార్థులకు, తల్లిదండ్రులకు నమస్కారం. శిక్షణ విమానం ఇంజిన్ పవర్ పోయి కూలిందన్న వార్త వచ్చినప్పుడల్లా పైలట్ పరీక్షలకు క్లాసులు చెప్పే మా హన్మకొండ ఆఫీసుకు ఫోన్లు వస్తాయి. "ఇంజిన్ ఆగితే ఇక అంతేనా సార్? పిల్లను పంపాలా, వద్దా?" అని అడుగుతారు. అడగాల్సిన మాటే. ఆ జవాబుతో పాటు, టెక్నికల్ జనరల్ (విమానం, ఇంజిన్ ఎలా పనిచేస్తాయో చెప్పే సబ్జెక్టు) క్లాసులను రెండు వారాలు ఎందుకు పెంచుతున్నామో కూడా ఇక్కడ చెబుతున్నాం.

ఇంజిన్ ఆగినంత మాత్రాన విమానం రాయిలా పడదు. సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానాన్ని 60 నాట్ల (గంటకు దాదాపు 110 కిలోమీటర్ల) వేగంలో పట్టి ఉంచితే, గాలి లేనప్పుడు, వెయ్యి అడుగుల ఎత్తు నుంచి దాదాపు రెండున్నర కిలోమీటర్లు జారుతూ పోతుంది. ఆ వేగం పోగొట్టుకోవడమే ప్రమాదం. టేకాఫ్ తర్వాత మూడు నాలుగు వందల అడుగుల్లో పవర్ పోతే ముక్కు ఇంకా పైకే ఉంటుంది, వేగం సెకన్లలో పడిపోతుంది. కాబట్టి మొదటి పని ముక్కు దించడం. మనసేమో వెనక రన్‌వే మీదికి లాగుతుంది. 180 డిగ్రీలు తిరిగినా రన్‌వేకు పక్కన ఉంటారు తప్ప దాని మీదికి రారు, ఇంకా తిప్పాలి. మలుపులో రెక్కలను 45 డిగ్రీలు వంచితే స్టాల్ వేగం (దానికన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) 19 శాతం, 60 డిగ్రీలు వంచితే 41 శాతం పెరుగుతుంది. ఎత్తు ఇంకా తొందరగా తరుగుతుంది. అంత తక్కువలో ఎదురుగా, కాస్త అటూ ఇటూ ఉన్న నేల మీదే దిగాలి. అప్పుడు చేయాల్సినవి: 60 నాట్లు, మిక్స్చర్ ఐడిల్ కటాఫ్ (ఇంజిన్‌కు పెట్రోలు ఆపే మీట), ఫ్యూయల్ వాల్వ్ ఆఫ్, ఇగ్నిషన్ ఆఫ్, అవసరాన్ని బట్టి ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దిగే పలకలు), ఆఖరున కరెంటు ఆపే మాస్టర్ స్విచ్ ఆఫ్. ఈ క్రమం బట్టీ పడితే చాలదు. ఫ్లాప్స్ కరెంటుతో దిగుతాయి కాబట్టి మాస్టర్ ముందే ఆపితే అవి కదలవు.

ఎక్కడ దిగాలన్నది మన నేలను బట్టి నేర్పుతాం. వానకాలం నాట్లేసిన పొలంలో చక్రాలు దిగబడి విమానం బోర్లా పడొచ్చు. చెరువులో దిగినా అదే భయం. ఎదిగిన మక్క చేను పైనుంచి చదునుగానే కనిపిస్తుంది, నమ్మొద్దు. యాసంగి కోతలయ్యాక ఎండిన పొలం మేలు, కానీ గెట్లకు అడ్డంగా కాకుండా వాటి వెంబడి దిగాలి. బోరు మోటార్లకు లాగిన తీగలు కంటికి ఆనవు. స్తంభాలు వరుసగా కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క.

పవర్ పోవడానికి కారణాల్లో నేల మీదే పట్టుకోగలిగినవి చాలా ఉన్నాయి. సగం ట్యాంకుతో రాత్రంతా నిలిపితే తేమ నీరై అడుగున చేరుతుంది, మూత రబ్బరు పాడైతే వాన నీరు దిగుతుంది. రోజూ మొదటిసారి ఎగిరే ముందు, పెట్రోలు పోయించిన ప్రతిసారీ కాసేపు ఆగి, ప్రతి డ్రెయిన్ నుంచీ కప్పులోకి తీసి చూడాలి. 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలు నీలంగా ఉంటుంది. కప్పు మొత్తం నీరే అయితే నీటికీ పెట్రోలుకూ మధ్య గీత కనిపించదు, అందుకే గీతతో పాటు రంగునూ చూడాలి. గేజీని నమ్మకుండా ట్యాంకులో కొలపుల్ల పెట్టి చూడాలి.

కార్బ్యురేటర్‌లో (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) మంచు సంగతి చెబితే మన ఎండల్లో ఎవరూ నమ్మరు. తేమ ఉంటే బయట 30 డిగ్రీలున్నా పట్టొచ్చు, ముఖ్యంగా పవర్ తగ్గించి దిగుతున్నప్పుడు. ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మెల్లగా పడుతుంది. కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపే మీట) లాగితే ఇంకా పడి, కరిగిన నీటితో ఇంజిన్ దడదడలాడుతుంది. అది చూసి భయపడి హీట్ మూసేస్తే చేజేతులా మంచును పెంచుకున్నట్టే. పూర్తిగా లాగి ఉంచాలి, కరిగాక ఆర్‌పీఎం తిరిగి లేస్తుంది.

పైలట్ పరీక్షలు పెట్టే కేంద్ర విమానయాన సంస్థ డీజీసీఏ పేపర్లో 70 శాతంతో పాసవడానికి ఇంత లోతు అక్కర్లేదు. అయినా పెడుతున్నాం. బ్యాచ్ రెండు వారాలు ఆలస్యంగా ముగుస్తుంది, ఫీజు పెరగదు, పాత విద్యార్థులు ఉచితంగా కూర్చోవచ్చు. మా దగ్గర విమానం లేదు, సిమ్యులేటర్ లేదు. ఇవన్నీ చేతికి అలవాటు కావాల్సింది ఫ్లయింగ్ స్కూల్లోనే. అక్కడ డబ్బు కట్టేముందు మూడు సంగతులు అడగండి: సోలోకు (ఒంటరిగా ఎగరడానికి) పంపేముందు ఇంజిన్ ఫెయిల్యూర్ ఎన్నిసార్లు సాధన చేయిస్తారు, ఫ్యూయల్ శాంపిల్ విద్యార్థి చేతే తీయిస్తారా, విమానం లాగ్‌బుక్‌లో రాసిన లోపాలను చూడనిస్తారా.