అది భూతం కాదు, కట్లపాము

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఉదయగిరి కొండల కింద మామిడితోటకు కాపలా ఉంటున్న యానాది గిరిజన కుటుంబం గురించి వార్త వేశారు. ‘కనిపించని భూతాలతో తల్లీబిడ్డల పోరాటం’ అని శీర్షిక. రాత్రి బాగానే పడుకున్న పిల్ల తెల్లవారేసరికి మాట పడిపోయి లేచిందనీ, ఒంటి మీద గాటు కూడా లేదనీ, ఆ తోటలో ఏదో గాలి తిరుగుతోందనీ పక్కవాళ్లు చెప్పింది చెప్పినట్టు అచ్చువేశారు. నాలుగు రోజులైనా నా మనసు కుదుటపడక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముప్పై ఏళ్లు ఈ మెట్ట మండలాల్లో ఆరోగ్య కార్యకర్తగా తిరిగినదాన్ని. అది గాలి కాదు, కట్లపాము. పగలు కనిపించదు. రాత్రి ఎలుకల కోసం గుడిసెలోకి వచ్చి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు రాదు, గాటు వెతికినా దొరకదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, ఆ తర్వాత ఊపిరి అందదు. దెయ్యం పట్టిందని మంత్రగాడి దగ్గర కూర్చోబెట్టే ఆ రెండు గంటల్లోనే ప్రాణం పోతుంది. అలా పోయినవాళ్లను నేను చూశాను.

మొన్న నేనే వెళ్లి ఆ తల్లిని చూసి వచ్చాను. నెల్లూరు ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన కాగితం గూట్లోనే ఉంది. పాముకాటు అని స్పష్టంగా రాశారు. పిల్లను ఐదు రోజులు వెంటిలేటర్ మీద ఉంచి బతికించారు. మీ విలేకరి ఆ కాగితం అడగలేదు.

అంతకంటే బాధ, మీ వార్తలో తండ్రి ‘కుటుంబాన్ని వదిలి వెళ్లిపోయాడు’ అన్న మాట. ఆయన వదిలి వెళ్లలేదు. తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండాలి. పెద్దపిల్లవాడు అవ్వ దగ్గర, తల్లీ చిన్నపిల్లలూ తోటలో. ఒక కుటుంబం మూడు చోట్ల. 1976లోనే వెట్టిచాకిరీని రద్దుచేస్తూ చట్టం వచ్చింది. వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల కోసం జీవితమంతా తిరిగిన జిల్లా ఇది. ఆ అడ్వాన్సు లెక్క ఎంతో, వడ్డీ ఎంతో ఒక్క అధికారి అయినా అడిగాడా? గుడిసెకు కరెంటు లేదు. పట్టా ఎక్కడుందని అడిగేవాళ్లే గానీ ఇప్పిస్తామనేవాళ్లు లేరు. ఎన్నికలప్పుడు మాత్రం ఆ తోట దారి అందరికీ తెలుస్తుంది.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో మనది ఒకటి. పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయవలసిన జబ్బుగా ప్రకటించమని 2024 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ విరుగుడు మందు ఒకటే. మొదటి విడతకే ఎనిమిది నుంచి పది సీసాలు కావాలి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక ఆసుపత్రిలో మందు ఫ్రిజ్‌లో ఉండి, తాళంచెవి ఉన్న మనిషి ఊళ్లో లేక, ఒక కూలీని పైఊరికి పంపేశారు. ఆయన దారిలోనే పోయాడు. ఆయన భార్య ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది.

కట్లపాము నుంచి కాపాడుకోవడానికి పెద్ద పథకాలు అక్కరలేదు. మనిషికో నులకమంచం, అంచులు పరుపు కిందికో బొంత కిందికో దోపిన దోమతెర, రాత్రి లేచినప్పుడు చేతిలో టార్చిలైటు. మండలానికి ఒక ఆసుపత్రిలోనైనా రాత్రిపూట మందు, అది ఎక్కించడం తెలిసిన మనిషి ఉండాలి. ఏ ఆసుపత్రిలో ఎన్ని సీసాలు ఉన్నాయో ప్రతి వారం మీ పత్రికలో వేయండి. దానికి మీరు ఇచ్చే చోటు ఆ భూతం కథకు ఇచ్చినంత కూడా అక్కరలేదు.

అక్టోబరు వస్తే మన జిల్లాకు వానలు. బొరియల్లో నీళ్లు చేరితే పాములు మెరక చూసుకుని గుడిసెల్లోకే వస్తాయి. ఆ తల్లి ఇప్పటికీ పిల్లను ఒళ్లో పెట్టుకుని, గోడకు ఆనుకుని, కూర్చునే నిద్రపోతోంది.

— విశ్రాంత ఆరోగ్య కార్యకర్త, ఉదయగిరి