2023 సంవత్సరపు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

మంచినీటి మోటారు, వీధి దీపాలు, పండుగ చందాల లెక్కలతో నివేదిక మొదలుపెట్టడం మన కాలనీ సంఘంలో ఆనవాయితీ. ఈసారి ఆ లెక్కలను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తున్నారు. 2023లో దేశం చూసిన పెద్ద సంఘటనల్లో కొన్ని మన బాపట్ల గడప దాకా వచ్చాయి కనుక, ఆ రోజుల్లో సంఘం చేసిన పనులనే ఇక్కడ సభ్యుల ముందు ఉంచుతున్నాను.

జూన్ 2వ తేదీ సాయంత్రం ఒడిశాలోని బహానగా బజార్ స్టేషన్ వద్ద, మెయిన్ లైన్ మీద సాగిపోవలసిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్‌లోకి మళ్లి, అక్కడ ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. పట్టాలు తప్పిన పెట్టెలు పక్క లైనులో పోతున్న బెంగళూరు-హౌరా రైలుకు తగిలాయి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సిగ్నలింగ్ పనుల్లోని లోపమే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. ఆ బండి మన స్టేషన్‌లో ఆగకపోయినా మన ఊరి మీదుగానే చెన్నై వెళ్తుంది. అందుకే ఆ రాత్రి మన యువ సభ్యులు హాలులోనే కూర్చుని, బంధువుల జాడ తెలియని కుటుంబాల తరఫున తెల్లవార్లూ హెల్ప్‌లైన్లకు ఫోన్లు చేశారు. అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్ రైళ్లు ఢీకొని 14 మంది మరణించిన తరువాత, సభ్యులందరి రక్త గ్రూపుల వివరాలతో ఒక రిజిస్టరు తయారు చేశాం. అది హాలులోని బీరువాలో ఉంది.

ఆగస్టు 23న అదే హాలు కిక్కిరిసిపోయింది. మన తీరంలోని శ్రీహరికోట నుంచే జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ల్యాండర్ దిగుతుంటే, తెర మీది వంపు గీత కిందికి జారుతున్నంతసేపూ పిల్లలు సైతం కదలలేదు. 2019లో చంద్రయాన్-2 దిగుతుండగా చివరి నిమిషాల్లో సంకేతాలు తెగిపోవడం పెద్దలందరికీ గుర్తుంది. సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో క్షేమంగా దిగింది. అక్కడ దిగిన మొదటి దేశం మనదే.

సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జీ-20 సదస్సు, నవంబరు 19న అహ్మదాబాద్‌లో చేజారిన ప్రపంచ కప్పు అందరం టీవీల్లో చూసినవే కనుక వాటిని విస్తరించను.

డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసిన వరి చాలా చోట్ల ఇంకా పనల మీదే ఉంది. నీళ్లలో నానిన వెన్నులకు మొలకలు వస్తాయన్న భయంతో రైతు సభ్యులకు కంటి మీద కునుకు లేదు. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లితే మొలక ఆగుతుంది కనుక, సంఘం నిధులతో ఉప్పు బస్తాలు కొని పొలాల గట్ల దాకా చేర్చాం. కరెంటు లేని ఆ రెండు రాత్రులూ హాలులో తలదాచుకున్న వారికి వండి వడ్డించినదీ, పసిపిల్లల తల్లులకు పాలు ముందు అందాలని నిర్ణయించినదీ, ఎవరికి ఎన్ని దుప్పట్లు ఇచ్చామో రాసి ఉంచినదీ మహిళా సభ్యులే.

అయినా మన కార్యవర్గంలో ఇంతవరకు ఒక్క మహిళ కూడా లేరు. కార్యదర్శిగా ఇది నన్ను బాధిస్తున్నది. లోక్‌సభ, శాసనసభల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు కేటాయించే రాజ్యాంగ సవరణను పార్లమెంటు సెప్టెంబరులోనే ఆమోదించింది. అది అమలుకు రావడానికి జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరగాలి. మన సంఘానికి ఆ నిరీక్షణ అవసరం లేదు. కార్యవర్గ స్థానాల్లో మూడో వంతు మహిళలకు కేటాయిస్తూ నియమావళిని సవరించే తీర్మానాన్ని ఈ సర్వసభ్య సమావేశంలోనే ఆమోదించి, వచ్చే ఎన్నిక నుంచే అమలు చేయవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి