దిగే చంద్రుడు, తరిగే చంద్రుడు ఒకటి కాదు

చి. కిరణ్‌కు అమ్మ ఆశీస్సులు.

మడుల ఫొటోలు చూశాను, బెండ బాగా లేచింది. బయోడైనమిక్ క్యాలెండరులో "చంద్రుడు దిగుతున్నాడు" అని రాసిన రోజులకూ, మన పంచాంగంలోని బహుళ పక్షానికీ పొంతన కుదరడం లేదని అడిగావు. కుదరదు నాన్నా. అవి రెండు వేరు లెక్కలు. చంద్రుడి నడక చూసుకుంటూ, కొమ్ము ఎరువులాంటి మందులతో చేసే ఈ సేంద్రియ సాగు పద్ధతిలోకి కొత్తగా వచ్చినవాళ్లలో సగంమంది ఇక్కడే తప్పుతారు కాబట్టి ముందు ఇది తేల్చుకుందాం.

పక్షం అంటే వెలుగు లెక్క. అమావాస్య నుంచి మళ్లీ అమావాస్యకు సుమారు 29.5 రోజులు. ఎక్కడం, దిగడం అంటే ఆకాశంలో చంద్రుడి దారి లెక్క: ఉత్తరానికి జరుగుతుంటే ఎక్కుడు, దక్షిణానికైతే దిగుడు. సూర్యుడు ఏడాదిలో ఉత్తరానికీ దక్షిణానికీ ఎలా జరుగుతాడో, చంద్రుడు అదే పని 27.3 రోజుల్లో చేసేస్తాడు. అందుకే వెలుగు పెరుగుతున్న చంద్రుడు దిగుతూ ఉండవచ్చు, తరుగుతున్నవాడు ఎక్కుతూ ఉండవచ్చు. శుక్ల పక్షమంతా "ఎక్కుడు" అనుకుని నారు నాటకుండా కూర్చుంటే నెలలో మంచి రోజులు చాలా వరకు పోతాయి.

దీన్ని పట్టుకోవడానికి వేరే క్యాలెండరు కూడా అక్కర్లేదు, గోడకున్న పంచాంగం చాలు. చంద్రుడు మూల నుంచి మృగశిర దాకా ఉన్న రోజులు ఎక్కుడు. ఆరుద్ర నుంచి జ్యేష్ఠ దాకా దిగుడు. మలుపు దగ్గర ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. కాబట్టి మూల, మృగశిర రోజుల్లో ఈ లెక్క మీద ఆధారపడే పని పెట్టుకోకు.

మట్టికి సంబంధించిన పనులన్నీ దిగుడులో: నారు నాటడం, కంపోస్టు కుప్ప వేయడం, కొమ్మల కత్తిరింపు, 500 (ఆవు కొమ్ములో మాగిన పేడ మందు) చల్లడం. పైభాగానికి సంబంధించినవి ఎక్కుడులో: 501 (కొమ్ములో పెట్టి తీసిన స్ఫటికం పొడి) పిచికారీ, అంటు కట్టడం, కాయ, ఆకు కోత.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకో. మందులు ఒకరివి, క్యాలెండరు ఇంకొకరిది. ఈ సాగుకు మూలపురుషుడైన రుడాల్ఫ్ స్టైనర్ 1924 జూన్‌లో కోబర్‌విట్జ్‌లో (ఇప్పుడది పోలండ్‌లో ఉంది) రైతులకు ఇచ్చిన ఉపన్యాసాల్లో కొమ్ము ఎరువు, కంపోస్టు మందులు చెప్పాడు. పౌర్ణమి గురించీ గ్రహాల గురించీ మాట్లాడాడు గానీ, ఏ రోజు ఏ విత్తనం అని పట్టిక ఇవ్వలేదు. వేరు రోజు, ఆకు రోజు, పువ్వు రోజు, పండు రోజు అనే విభజన జర్మనీలో మరియా తున్ ముల్లంగి మడుల్లో ఏళ్ల తరబడి చూసి చేసింది. ఆమె క్యాలెండరు 1963 నుంచి వస్తోంది. కాబట్టి క్యాలెండరు రోజు తప్పిపోతే మందు పాడైపోయినట్టు బాధపడకు. మందు పాడయ్యే కారణాలు వేరే ఉన్నాయి, అవి చెబుతాను.

500 అంటే పాలిచ్చే ఆవు పేడను ఆవు కొమ్ములో నింపి చలికాలమంతా మట్టిలో పెట్టి తీసినది. ఆవు కొమ్మే కావాలి. ఎద్దుదీ గేదెదీ పనికిరావు. ఆవు కొమ్ము మొదట్లో ఈతలను బట్టి వచ్చిన గాట్లు కనిపిస్తాయి, కొస గట్టిగా నిండి ఉంటుంది. మన దగ్గర పండక్కి కొమ్ములకు రంగులు పూస్తారు కదా, ఆ పెయింటు పూర్తిగా గీకేయాలి. ఆశ్వయుజంలో దిగుడు రోజు చూసి, నీళ్లు నిలవని చోట, నీడపట్టున, అడుగున్నర లోతు గుంటలో పెట్టు. కొమ్ముల మూతి కిందికి ఉండాలి. పైకి ఉంటే నీళ్లు చేరి పేడ కుళ్లుతుంది. గుంటలో మట్టితో పాటు మాగిన కంపోస్టు కలుపు. ఫిబ్రవరి, మార్చిలో తీసినప్పుడు లోపల పేడ వాసన ఉండకూడదు. నల్లగా, ముద్దగా, అడవి మట్టి వాసన రావాలి. పచ్చగా, జిగటగానే ఉంటే ఇంకా మాగలేదన్నమాట. తెలంగాణ మైదానంలో చలి కొద్ది రోజులే కాబట్టి గుంటపై గడ్డి కప్పి, మధ్యమధ్యలో తడపడం తప్పదు. తీశాక మట్టికుండలో, చుట్టూ కొబ్బరి పొట్టు పెట్టి నిలవ చెయ్యి. ఎండిందా, ఇక అది మందు కాదు.

ఎకరానికి 25 గ్రాములు, 13 నుంచి 15 లీటర్ల నీళ్లు. నీ ఇరవై గుంటల (అర ఎకరం) పొలానికి 12 గ్రాములు, ఏడు లీటర్లు సరిపోతాయి. వాన నీళ్లయితే మంచిది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందురోజు రాత్రే వెడల్పాటి పాత్రలో పోసి పెట్టు. నీళ్లు చేతికి గోరువెచ్చగా తగలాలి. కలపడం గంటసేపు. కర్రతో అంచు వెంట తిప్పుతూ పోతే మధ్యలో సుడి దిగుతుంది. ఆ గుంట పాత్ర అడుగుదాకా వచ్చాక ఒక్కసారిగా ఎదురు తిప్పు. నీళ్లు కల్లోలమై నురుగు కడతాయి. మళ్లీ సుడి కట్టేదాకా అదే వైపు, మళ్లీ ఎదురు. చేతులు నొప్పి పుట్టి పావుగంటకే ఆపేసేవాళ్లున్నారు. ఇద్దరు వంతులు వేసుకుంటే సరిపోతుంది.

చల్లడం సాయంత్రం, ఎండ వాలాక, తడి నేల మీద. ఇక్కడ స్ప్రేయరు వద్దు. సన్నని మంచులా కొడితే నేలకు చేరేలోపే గాలికి ఆరిపోతుంది. వేప మండ ముంచి విదిలించు, పెద్ద చుక్కలు పడాలి. కలిపిన నీళ్లు రెండు మూడు గంటల్లో అయిపోవాలి. రేపటికి దాచకు. వానాకాలం మొదట్లో ఒకసారి, వానలు తగ్గేటప్పుడు ఒకసారి తప్పనిసరి. రోహిణి కార్తెలో ఎండిన దుక్కి మీద చల్లితే, ఆ రోజు చంద్రుడు ఎంత చక్కగా దిగుతున్నా, నీళ్లు పారబోసినట్టే.

501 దీనికి పూర్తిగా ఎదురు. మెత్తగా నూరిన స్ఫటికం పొడిని కొమ్ములో పెట్టి ఎండాకాలమంతా పాతిపెట్టి తీస్తారు. ఎకరానికి 1 గ్రాము మాత్రమే. నీకు అర గ్రాము. చిన్న తులామానం లేకుండా ఈ మందు జోలికి పోవద్దు. దీన్ని నీడలో కాదు, గాజు సీసాలో, వెలుతురు పడే కిటికీ దగ్గర పెట్టాలి. కలపడం అదే గంట, కానీ తెల్లవారకముందే మొదలుపెట్టి సూర్యోదయానికి పూర్తి చేసి, సన్నని నాజిల్‌తో మొక్కల పైగా గాలిలోకి మంచులా కొట్టాలి. మొక్క నాలుగాకుల దశలో ఒకసారి, కోతకు ముందు ఒకసారి. పొద్దెక్కాక కొట్టినా, వాడిన మొక్క మీద కొట్టినా ఆకు అంచులు మాడతాయి. ఆకుకూరల్లో మోతాదు మించితే ఆకు ఎదగకముందే పూతకు వస్తుంది. కొత్తిమీరలో ఇది ముందు కనిపిస్తుంది. ఆ పొలంలో అంతకుముందు 500 చల్లకుండా 501 కొట్టడం అనవసరం.

501కు అన్నిటికంటే మేలైన రోజుగా చంద్రుడు శనికి ఎదురుగా వచ్చే రోజును చెబుతారు. ఇది 27 రోజులకు కాస్త పైగా ఒకసారి వస్తుంది. శని 2025 మార్చి ఆఖరున మీనంలోకి వచ్చాడు. 2027 జూన్ దాకా అక్కడే. మీనానికి ఎదుటిది కన్య. అంటే చంద్రుడు ఉత్తర రెండో పాదం నుంచి చిత్త రెండో పాదం దాకా నడిచే రెండుంబావు రోజుల్లో ఒకచోట శనికి సరిగ్గా ఎదురవుతాడు. ఏ గంటకో కావాలంటే పంచాంగంలోని గ్రహస్ఫుటాలలో (గ్రహాల స్థానాల పట్టికలో) శని డిగ్రీ చూసి, కన్యలో అదే డిగ్రీకి చంద్రుడు చేరే సమయం లెక్కగట్టు. చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు నడుస్తాడు.

ఇక్కడ చిక్కొకటి. కన్య దిగుడులో పడుతుంది, 501 ఏమో ఎక్కుడులో కొట్టాలన్నాను. ఈ రెండు మూడేళ్లు శనికి ఎదురయ్యే రోజు, ఎక్కుడు ఒకేసారి రావు. బూజు, ఆకుమచ్చ తెగుళ్ల భయం ఉంటే శనికి ఎదురయ్యే రోజునే పట్టుకో. కాయ నాణ్యత కోసమైతే ఎక్కుడులో ఒక తెల్లవారుజాము చాలు. ఆ రోజు ముసురు పట్టి ఉంటే రెండూ వదిలెయ్.

ఇక రాశులు. మేషం, సింహం, ధనుస్సు పండుకూ గింజకూ. వృషభం, కన్య, మకరం వేరుకు. మిథునం, తుల, కుంభం పువ్వుకు. కర్కాటకం, వృశ్చికం, మీనం ఆకుకు. పంచాంగంలో నక్షత్రం పూర్తయ్యే సమయం ఉంటుంది గానీ రాశి మారే సమయం అన్నిటిలో ఉండదు. పాదం లెక్క వేసుకోవాలి. పుబ్బ ఉదయం 8 గంటలకు అయిపోయి, ఉత్తర మర్నాడు 8 గంటలకు అయిపోతుందనుకో. ఉత్తర మొదటి పాదం సింహం, మిగతా మూడూ కన్య. 24 గంటల్లో నాలుగో వంతు ఆరు గంటలు. కాబట్టి మధ్యాహ్నం 2 దాకా టమాట, బెండ విత్తనం, ఆ తరువాత ముల్లంగి, క్యారెట్.

అయితే తున్ క్యాలెండరుతో ఇది అచ్చంగా కలవదు. మన రాశులు ఒక్కొక్కటి 30 డిగ్రీల సమాన భాగాలు. ఆమె ఆకాశంలో నక్షత్రమండలం ఎంత మేర కనిపిస్తే అంత తీసుకుంది. ఆమె కన్యలో చంద్రుడు దాదాపు మూడున్నర రోజులుంటాడు, తులలో రెండు రోజులు కూడా ఉండడు. మన తుల మొదటి సగం ఆమెకు కన్యే. రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకుని ఏ రోజు నచ్చితే ఆ రోజు ఎంచుకోవడం అలవాటైతే ఇక దానికి అర్థం ఉండదు. ఏదో ఒకటి పట్టుకో. నీకు పంచాంగమే తేలిక. దృక్ గణితంతో వేసినది తీసుకో, గ్రహస్థితులు ఆకాశంతో సరిపోతాయి.

వదిలేయాల్సిన సమయాలు: చంద్రుడు రాహువునో కేతువునో దాటేటప్పుడు అటూ ఇటూ ఆరేసి గంటలు, భూమికి బాగా దగ్గరగా వచ్చే రోజు, గ్రహణాలు. ఇది రోజూ వచ్చే రాహుకాలం కాదు సుమా. రాహుకాలానికీ, వర్జ్యానికీ, దుర్ముహూర్తానికీ ఈ పద్ధతిలో చోటు లేదు. ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే వాళ్ల తృప్తి కోసం పాటించు, అంతే.

పౌర్ణమి గురించి కూడా ఒక మాట. విత్తనానికి పౌర్ణమికి రెండు రోజుల ముందు, అంటే సుమారు శుక్ల త్రయోదశి మంచిదంటారు. మొలక చురుగ్గా వస్తుందని నమ్మకం. ఆ రోజుల్లోనే తేమ పెరిగి తెగులు కూడా పెరుగుతుందంటారు. అందుకే పౌర్ణమికి ముందే సరుగుడు ఆకు కషాయం కొడతారు. జర్మనీలో ఈక్విసీటం (హార్స్‌టెయిల్ అనే మొక్క) వాడే చోట మన దేశంలో సరుగుడు వాడుతున్నారు, దానిలోనూ సిలికా ఎక్కువే.

ఇవన్నీ ఒకే రోజు కలిసిరావు. అప్పుడు దేన్ని వదలాలో తెలియాలి. నేల తడి, కార్తె ముందు. మృగశిర వాన పడి పదును వచ్చిందంటే ఏ రాశి అని చూడకుండా విత్తెయ్. తరువాతి లెక్క ఎక్కుడు, దిగుడు. ఆ తరువాతే శని, పౌర్ణమి. రాశి చిట్టచివర.

రాశిని చివర పెట్టడానికి కారణముంది. జర్మనీలోనే హార్ట్‌ముట్ స్పీస్ అనే బయోడైనమిక్ పరిశోధకుడు ఏళ్లపాటు చేసిన ప్రయోగాల్లో తున్ చెప్పిన రాశుల ప్రభావం రుజువు కాలేదు. స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర 1978 నుంచి నడుస్తున్న ప్రయోగంలో బయోడైనమిక్ మడుల మట్టి బాగుపడిందనీ, రసాయన ఎరువుల మడులతో పోలిస్తే సేంద్రియ మడుల్లో దిగుబడి సగటున 20 శాతం తగ్గిందనీ తేలింది. కానీ అది ఎరువుల, యాజమాన్యాల పోలిక. చంద్రుడి పరీక్ష కాదు. నీ స్నేహితులు ఎవరైనా ఆ ప్రయోగం చూపించి క్యాలెండరు రుజువైందంటే నమ్మకు. అరకు కాఫీ తోటల్లో ఈ మందులు వాడి మంచి గింజ తీస్తున్నారు, నిజమే. అక్కడ కంపోస్టు, నీడ చెట్లు, పండిన కాయనే ఏరి కోయడం అన్నీ ఉన్నాయి. ఏది ఎంత పని చేసిందో విడదీయలేం.

అందుకే నీ పొలంలో ఒక సాలు దేనికీ చేర్చకుండా వదులు. అదే విత్తనం, అదే నీళ్లు, అదే కంపోస్టు, మందు మాత్రం వద్దు. నోటుపుస్తకంలో తేదీ, నక్షత్రం, ఎక్కుడా దిగుడా, నేల తడి, మబ్బు, మొలక ఎన్ని రోజులకు వచ్చింది, కోతలో ఎన్ని కిలోలు, ఇవి రాయి. తడి, మబ్బు రాయకపోతే తేడా కనిపించినప్పుడు దాన్ని చంద్రుడికే అంటగడతావు.

501 కొట్టడానికి కొత్త స్ప్రేయరు కొను. షెడ్డులో ఉన్న పాతదానిలో కలుపు మందు కొట్టారు. ఎంత కడిగినా ట్యూబులో మిగులుతుంది, టమాట ఆకు ముడుచుకుపోతుంది. వేప మండకు మాత్రం ఖర్చు లేదు.

ఆశీస్సులతో,
అమ్మ