చెవి చార్టుల్లో మా వల్ల జరిగిన తప్పు గురించి

డాక్టర్ గారూ, నమస్కారం.

మాకు చార్టులు, అంటే పేషెంట్‌ని చూసి రాసిన నోట్లు, పంపే పిల్లల డాక్టర్లు, ఈఎన్‌టీ డాక్టర్లు అందరికీ ఈ ఉత్తరం. మీలో చాలామంది ఇక్కడ విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళినవాళ్ళే. సీతమ్మధారలో ఏడుగురం కూర్చుని మీ క్లినిక్‌లకి కోడింగ్, అంటే మీరు రాసిన జబ్బుకి ఇన్సూరెన్స్ క్లెయిము కోసం కోడ్ వేసే పని, చేస్తున్నామంటే అది మీరు పెట్టుకున్న నమ్మకం. ఈ సంగతి మీ లెక్కల్లో మీకే కనపడేదాకా ఆగడం నాకు ఇష్టం లేదు.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మేం పంపిన మధ్య చెవి ఇన్‌ఫెక్షన్ క్లెయిముల్లో 41 తప్పుగా వెళ్ళాయి. తప్పు మా దగ్గర పనిచేసేవాళ్ళది కాదు, నాది. చలికాలం జలుబులతో చార్టులు ఒక్కసారిగా పెరిగాయి. టెన్షన్‌లో నేనే చెప్పాను, పైనుంచి కిందిదాకా చదవక్కర్లేదు, జబ్బు పేరు రాసే అసెస్‌మెంట్ లైను చూసి కోడ్ వేసేయండి అని. ఆ లైన్లో చాలాసార్లు ‘ఎక్యూట్ ఒటైటిస్ మీడియా’ (తీవ్రమైన మధ్య చెవి ఇన్‌ఫెక్షన్) అని మాత్రమే ఉంటుంది. దానికి మా వాళ్ళు హెచ్66.90 వేశారు. ఏ చెవో తెలియదు, ఏ రకమో తెలియదు అని ఆ కోడ్ అర్థం. కానీ అదే నోట్‌లో నాలుగు లైన్ల పైన, పరీక్ష రాసిన చోట, కుడి కర్ణభేరి ఉబ్బి ఉందని మీరు స్పష్టంగా రాశారు. చదివి ఉంటే హెచ్66.91 పడేది. ఎడమైతే 92, రెండూ అయితే 93. మీరు రాసిందాన్ని మేం చదవలేదు, అంతే.

ఇంకో పొరపాటు కర్ణభేరి దానంతట అది చిల్లు పడిన కేసుల్లో జరిగింది. తీవ్రమైన చీము ఇన్‌ఫెక్షన్‌తో చిల్లు పడితే హెచ్66.01 వరసలోనే ఆ సంగతి ఉంటుంది. పక్కన మళ్ళీ చిల్లుకి విడిగా ఉన్న హెచ్72 వేయకూడదు, రెండూ కలిసి ఉండకూడదని జబ్బుల కోడ్‌లుండే ఐసీడీ పుస్తకమే చెబుతుంది. మేం కొన్నిటిలో రెండూ వేశాం. అవి డినయల్ అయి, అంటే ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకోక, వెనక్కి వచ్చాకే మిగతావి తీసి చూశాం. కొన్నిటికి డబ్బులు వచ్చేశాయి. వచ్చాయి కదా అని వదలకుండా వాటినీ సరిచేసి, గడువు దాటకముందే పంపేశాం. ఆ 41 క్లెయిములకి మా ఫీజు ఈ నెల బిల్లులో తగ్గించాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది డబ్బు సంగతి కాదు. ఒక బిడ్డకి చెవుల్లో ట్యూబులు వేయాలని డాక్టరు గారు ఇన్సూరెన్స్ వాళ్ళని అనుమతి అడిగారు. ఆరు నెలల్లో మూడుసార్లు, లేదా ఏడాదిలో నాలుగుసార్లు వచ్చి అందులో ఒకటి గత ఆరు నెలల్లోదైతే, దాన్ని మళ్ళీ మళ్ళీ వచ్చే ఇన్‌ఫెక్షన్‌గా లెక్కిస్తారని మీకు నేను చెప్పేదేముంది. కానీ ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరున్న పాత క్లెయిములన్నీ ఏ చెవో తెలియని కోడ్‌తోనే ఉన్నాయి. చివరికి నోట్లన్నీ పంపితే అనుమతి వచ్చింది. మా తొందర వల్ల ఆ తల్లి అన్ని రోజులు ఎదురు చూసింది. మా పాపకి మూడేళ్ళప్పుడు చెవిపోటు వస్తే పెదవాల్తేరు ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రాత్రంతా చెవి పట్టుకుని ఏడ్చే బిడ్డని భుజాన వేసుకుని తిరగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇప్పుడు చార్టు మొత్తం చదివిన తర్వాతే కోడ్ వేస్తున్నాం. గంటకి ఇన్ని చార్టులన్న లెక్క తీసేశాను. అయినా మీ సాయం లేకుండా కుదరనివి కొన్ని ఉన్నాయి. ఏ చెవో మీ నోట్‌లో ఎక్కడున్నా తీసుకుంటాం, నర్సు గారు రాసినా సరిపోతుంది. కానీ కర్ణభేరి ఎర్రగా ఉంది, ఉబ్బింది అని మీరు రాసినంత మాత్రాన అది చీము ఇన్‌ఫెక్షన్ అని మేం అనుకోకూడదు. ‘సప్యురేటివ్’ (చీముతో కూడిన) అన్న మాట మీరు రాస్తేనే కుడి చెవికి హెచ్66.001 వేయగలం. చీము లేకుండా లోపల నీరు మాత్రమే ఉంటే అది హెచ్65 వైపు వెళ్తుంది. ‘రికరెంట్’ (మళ్ళీ మళ్ళీ వచ్చేది) అన్నదీ అంతే. పాత విజిట్లు మా కళ్ళ ముందే ఉన్నా, లెక్కపెట్టి ఆ మాట మేం చేర్చలేం. ‘ఒటైటిస్ కావచ్చు’ అని అనుమానంగా రాస్తే ఓపీ చార్టులో ఆ జబ్బు కోడ్ వేయడానికి వీల్లేదు, హెచ్92.0 వరసలో చెవినొప్పి అని మాత్రమే వేస్తాం. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారని అడిగి తెలుసుకుంటే అదీ ఒక మాట రాయండి, దానికి జెడ్77.22 అనే వేరే కోడ్ ఉంది.

పోయిన నెల ఒక డాక్టరు గారు ఫోన్‌లో, “అబ్బా, కుడి అని వేసేయండమ్మా, ఎవరు చూడొచ్చారు” అన్నారు. మీ ఒత్తిడి నాకు తెలుసు, సాయంత్రానికి ఇంకా పదిమంది పిల్లలు బయట కూర్చుని ఉంటారు. కానీ ఆ పని నేను చేయను. మీరు రాయనిది చార్టులోకి ఎక్కితే రేపు ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాల్సింది మీరే. సందేహం అడుగుతూ మీకు పంపే క్వెరీలో కూడా “కుడి చెవే కదా?” అని అడగం. “ఏ చెవి?” అని మాత్రమే అడుగుతాం. జవాబు మీ నుంచే రావాలి.

దీనివల్ల కొంత ఆలస్యం తప్పదు. ఇదివరకు 24 గంటల్లో ఇచ్చేవాళ్ళం. ఇకపై క్వెరీ ఉన్న చెవి చార్టులకి 48 గంటలు పడుతుంది, మిగతావి మామూలుగానే వస్తాయి. రేటు పెంచడం లేదు. ఈ ఆలస్యం కుదరదని ఒక క్లినిక్ వాళ్ళు మానేశారు, వాళ్ళ ఫైళ్ళన్నీ సరిచేసి అప్పగించాను. మీకూ కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పండి, అలాగే అప్పగిస్తాను.

మీ క్లినిక్ మూసే వేళకి మాకు ఇంకా తెల్లారదు. ఎంవీపీ కాలనీ రైతు బజార్‌కి కూరగాయల బండ్లు వచ్చే సమయానికి మా వాళ్ళు ఆ రోజు క్వెరీలన్నీ పంపి ఇళ్ళకి వెళ్తారు. మర్నాడు క్లినిక్ తెరవగానే మీకు మొదట కనిపించేవి అవే. సోమవారం నుంచి మొదలుపెడుతున్నాం. మొదటి వారం క్వెరీలు కాస్త ఎక్కువే ఉంటాయి.