బెయిరా తుఫాను బాధితుల కోసం మన సంఘం కానుక: 20వ తేదీ శనివారం ఆఖరు

ప్రియమైన సంఘస్థులకు, హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫ్‌లో ఉంటున్న మన బిడ్డలకు యేసుక్రీస్తు నామమున వందనములు.

నిన్న, 2019 ఏప్రిల్ 11తో, ఎన్నికల పోలింగ్ అయిపోయింది. ఎవరు గెలిచారో మే 23 దాకా ఎలాగూ తేలదు కాబట్టి ఈలోపు ఈ ఉత్తరం ఒకసారి చదవండి. లెంట్ కూడికల్లో, అంటే ఈస్టర్ ముందు శ్రమకాలపు కూడికల్లో, పాస్టరు గారు ఈ ఆఫ్రికా తుఫాను కానుక గురించి చెబుతూనే ఉన్నారు. ఎన్నికల హడావిడిలో ఎవరి చెవికీ ఎక్కినట్టు లేదు. అనుకున్నది 3 లక్షలు, వచ్చింది 1 లక్షా 14 వేలు. అందులో సగానికి పైగా స్త్రీల సమాజం వారిదే. మిగతాది ఎవరెవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో ఇక్కడ రాయడం లేదు, మీకే తెలుసు. సమాఖ్య ఆఫీసు 22వ తేదీ సోమవారం అన్ని సంఘాల డబ్బూ కలిపి పంపేస్తుంది. ఈస్టర్ ముందు రోజు శనివారం సాయంత్రం లోపు మన లెక్క తేలాలి.

మార్చి 14 రాత్రి ఇదాయ్ తుఫాను మొజాంబిక్‌లో బెయిరా రేవు పట్టణం దగ్గర తీరం దాటింది. అక్కడినుంచి జింబాబ్వే, మలావీల దాకా ముంచేసింది. మూడు దేశాల్లో చనిపోయినవారు వెయ్యికి చేరుతున్నారు. పుంగ్వే, బుజీ నదులు పొంగి ఊళ్లకు ఊళ్లే నీళ్లలో ఉండిపోయాయి. జనం చెట్ల మీద, ఇంటి కప్పుల మీద రోజుల తరబడి ఎదురుచూశారు. మన నేవీ ఓడలు సుజాత, శార్దూల్, కోస్ట్ గార్డ్ ఓడ సారథి అందరికంటే ముందు సహాయానికి అందుకున్నాయని పేపర్లో చూసి సంతోషించాం కదా! ఇప్పుడు నీళ్లు తీసేసరికి కలరా పట్టుకుంది. దాదాపు 9 లక్షల డోసుల టీకా వేస్తున్నారు. ఆ పని పెద్ద సంస్థలు చూసుకుంటున్నాయి.

"మన ప్రహరీ గోడే సగంలో ఆగింది, ఆఫ్రికాకి డబ్బులా?" అని కొందరు అడిగారు. అడిగినవారి మీద కోపం లేదు. కానీ మన సంఘం ఎలా మొదలైందో మర్చిపోయి అడుగుతున్నారు. ధాత కరువు, అంటే 1876–78 నాటి కరువులో, ఈ ప్రాంతంలో మన ముత్తాతలు గంజికి కూడా లేక పడిపోతుంటే, ఒంగోలు క్లౌ దొర గారు, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. అక్కడ లండన్‌లో మేయరు పెట్టిన కరువు నిధికి చందాలు వేసినవారెవరూ ఒంగోలు ఎక్కడుందో ఎరుగరు. కరువు నడిచినన్నాళ్లూ దొరగారు బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ తర్వాతే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనలో చాలా ఇళ్లవారు ఆ రేవు నుంచి వచ్చినవారమే. అంతకు ఎంతో ముందే అంతియొకయ సంఘం యూదయలో కరువు వస్తుందని విని శక్తికొలది పంపిన సంగతి బైబిల్లో అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలో ఉంది. అది చదివి ఆదివారం ఆమేన్ అన్నవారమే, సోమవారం గోడ గురించి మాట్లాడుతున్నాం.

ఇక డబ్బు దేనికి అన్నది. కమిటీలో కోశాధికారి గారు దోమతెరలు అన్నారు, అక్కడ మలేరియా ఎక్కువ. స్త్రీల సమాజం వారు నీళ్ల క్యాన్లు, సబ్బులు అన్నారు. పాస్టరు గారు అక్కడి చర్చిలకు రేకులు అన్నారు. అన్నీ మంచివే, తలా కొంత ఇద్దామని తీర్మానం రాసుకున్నాం. కానీ ఈ ఉత్తరం రాస్తున్నది వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన కార్యదర్శి కాబట్టి విత్తనాల గురించి చెప్పకుండా వదలను.

అక్కడ కాలం మనకు తలకిందులు. నవంబరులో వానలు పడతాయి, మొక్కజొన్న వేస్తారు, ఏప్రిల్ వచ్చేసరికి కోతలు. తుఫాను మార్చి మధ్యలో వచ్చింది. అంటే కంకి గింజ పట్టి ఇంకొన్నాళ్లలో ఇంటికి రావాల్సిన పంట. 7 లక్షల హెక్టార్లకు పైగా పోయింది. గాదెలో దాచుకున్న పాత గింజలూ తడిసిపోయాయి, అందులోనే విత్తనం కూడా ఉంటుంది. తిండి గింజలు ఓడల్లో వస్తాయి, ఆకలి తీరుతుంది. విత్తనం లేకపోతే వచ్చే ఏడు కూడా ఓడ కోసమే చూడాలి. అయితే ఒక దారి ఉంది. మన నల్లరేగడిలో వానలు తగ్గాక తేమ మీదే శనగ వేస్తామే, అలాగే అక్కడ వరద తీసిన నది ఒడ్డు భూముల్లో ఇప్పుడే బొబ్బర్లు, కూరగాయలు, తక్కువ రోజుల మొక్కజొన్న వేసుకోవచ్చు. తేమ ఆరిపోతే అదీ లేదు. అందుకే ఈ తొందర. విత్తనాలు ఇక్కడినుంచి పంపమని కొందరు యువకులు ఉత్సాహపడ్డారు. వద్దు. మన రకం అక్కడ పండుతుందో లేదో, పురుగూ తెగులూ వెంట పోతే ఇంకో పాపం. డబ్బు పంపితే అక్కడివారే తమ నేలకు సరిపోయేవి కొనుక్కుంటారు, ఒక పార కూడా కొనుక్కుంటారు. పారలు సైతం కొట్టుకుపోయాయండీ.

1989లో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అది ముందు థాయ్‌లాండ్‌ను కొట్టి, వందలమందిని పొట్టన పెట్టుకుని, ఆ తర్వాత బంగాళాఖాతంలోకి వచ్చింది. అప్పుడు మనకు లారీల్లో వచ్చిన పాత బట్టలు ఏమయ్యాయో కూడా గుర్తుండే ఉంటుంది.

పెద్ద మొత్తాలు ఇచ్చేవారు చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ చేయండి. ఎన్నికల కోడ్ ఇంకా ఉంది, 50 వేలు దాటిన నగదుతో దారిలో పట్టుబడితే కాగితాలు చూపించే టెన్షన్ మీకే. ఫోన్‌లో పంపేవారికి కోశాధికారి గారి నంబరు వాట్సాప్ గ్రూపులో ఉంది. మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే ఆరాధనల తర్వాత గుడి గుమ్మం దగ్గర వేరే పెట్టె ఉంటుంది, మామూలు కానుకలో కలపవద్దు. ఏ పనికి ఇస్తున్నారో కవరు మీద రాయండి. ఏమీ రాయకపోతే విత్తనాల కిందే జమ వేస్తాం, కోశాధికారి గారు ఒప్పుకున్నారు. ప్రహరీ గోడకు కూడా ఇవ్వాలనుకునేవారు దయచేసి ఇంకో కవరులో.

పాత బట్టలు మాత్రం తేవద్దు.

సంఘ కమిటీ తరఫున,
కార్యదర్శి
సింగరాయకొండ ప్రాంతం, ప్రకాశం జిల్లా
12 ఏప్రిల్ 2019