నీళ్లలో పెట్టి అమ్మిందల్లా నీటి మొక్క కాదు

అమ్మలూ,

నాన్న దీవెనలు. నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసుకుని ఒకటికి నాలుగుసార్లు చూశాను. "నా చెయ్యి మొక్కలకి అచ్చిరాదు నాన్నా, ఏది పెట్టినా కుళ్లిపోతోంది" అన్నావే, ఆ మాట నాకు మనసులో ముల్లులా ఉండిపోయింది. ఫోన్లో చెబుదామంటే పక్కన బాబు గోల, సగం నీకు వినపడదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీ అక్వేరియంలో ఉన్న ఐదు రకాల్లో మూడు అసలు నీటి మొక్కలే కావు. కడియంలో పుట్టి పెరిగినదానివి, వాటిని కుండీల్లో చూసే ఉంటావు. డాలస్‌లో గాజుపెట్టెలో, మునిగిపోయి, రంగురాళ్ల మధ్య కనిపించేసరికి పోల్చుకోలేకపోయావు. ఎవరైనా అంతే.

మొదటిది ఆ నిలువుగా ఉన్న కాడ, లక్కీ బాంబూ. పేరుకే వెదురు. వెదురు గడ్డిజాతి, ఇది డ్రసీనా. దీని శాస్త్రీయనామం డ్రసీనా సాండేరియానా. సాండర్ అని ఇంగ్లండులో పెద్ద నర్సరీ నడిపిన ఆయన పేరు మీద పెట్టారు. పుట్టిల్లు ఆఫ్రికాలో కామెరూన్ వైపు అడవులు. అక్కడ చెట్ల నీడన నేల మీద పెరుగుతుంది. గిన్నెలో రాళ్లు వేసి రెండంగుళాలు నీళ్లు పోస్తే ఏళ్లతరబడి బతుకుతుంది, అది నిజం. కానీ నీళ్లలో ఉండాల్సింది వేరు మాత్రమే. ఆకు గాలిలో ఉండాలి. షాపువాడు ఆకుతోసహా ముంచాడు.

రెండోది వంకాయరంగులో మెరుస్తూ ముడతలు ముడతలుగా ఉన్న ఆకు. అది హెమీగ్రాఫిస్. మన దగ్గర గట్ల పక్కన నేలంతా పరుచుకోవడానికి వేసే మొక్క. మూడోది పొట్టిగా గుబురుగా ఉన్న ముదురాకుపచ్చ గడ్డి, మోండో గ్రాస్. లాన్‌ల అంచున బోర్డరుగా నాటుతారు. ఇది మొండిది, నీళ్లలో ముంచినా నెలలకొద్దీ ఆకుపచ్చగానే ఉంటుంది. కొత్త ఆకు మాత్రం ఒక్కటీ తొడగదు. మొక్క బతికుందా అంటే నేను ముందు చూసేది కొత్త చిగురే. పాత ఆకు పచ్చగా ఉందంటే ఇంకా ఎండలేదనే గానీ, పెరుగుతోందని కాదు.

ఎందుకు చస్తాయో చెబుతాను విను. తుఫాను వానలకి మన మడుల్లో ఒకటి రెండు రోజులు నీళ్లు నిలిస్తే కవర్లలో మొక్కలకి వేరుకుళ్లు పట్టేది గుర్తుందా? మట్టిలో గాలి లేక వేరుకి ఊపిరాడదు. అక్కడ మునిగింది వేరు మాత్రమే. నీ దగ్గర ఆకు కూడా మునిగింది. నేలమీద పెరిగే ఆకుకి పైన మైనంలాంటి పొర ఉంటుంది, లోపలి తడి ఆరిపోకుండా. గాలి పీల్చడానికి ఎక్కువగా కిందివైపున సన్నటి రంధ్రాలుంటాయి. నీళ్లలో ముంచితే ఆ పొర అడ్డం, ఆ రంధ్రాలకీ నీళ్లే అడ్డం. పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో పాకేదానికన్నా నీళ్లలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా పాకుతుంది. ఎంత లైటు వేసినా ఆకుకి వండుకునే సరుకు అందదు. అసలైన నీటి మొక్క ఆకు తీరే వేరు. పల్చగా, పొర ఉందా లేదా అన్నట్టు ఉంటుంది, ఒంటి మొత్తంతో నీళ్లనుంచి పీల్చుకుంటుంది. కాడలో గాలి గదులుంటాయి కాబట్టి నీళ్లలో తేలుతూ నిలబడుతుంది, బయటికి తీస్తే తడిగుడ్డలా వాలిపోతుంది.

మరి నువ్వు కొన్నప్పుడు అంత నవనవలాడుతూ ఎలా ఉన్నాయంటావా? కాడలో, వేళ్లలో దాచుకున్న పిండిపదార్థం తింటూ కొన్ని వారాలు నెట్టుకొస్తాయి. ఆ వారాల్లోనే అవి అమ్ముడైపోతాయి. వాడిపోవడం షాపులో జరగదు, కొన్నవాళ్ల ఇంట్లో జరుగుతుంది. దాంతో తప్పు తమదేననుకుంటారు, నువ్వనుకున్నట్టే. మళ్లీ వెళ్లి అవే కొంటారు. మొక్కలు అమ్మి బతికినవాణ్ని, ఈ పద్ధతి చూస్తే నాకు కోపం వస్తుంది. మన దగ్గరకొచ్చినవాళ్లు ఎండ తగలని వరండాకి గులాబీ అడిగితే, పూయదండీ, వద్దు అని చెప్పి పంపేవాణ్ని. మొక్క ఎక్కడ బతుకుతుందో చెప్పి అమ్మడం అమ్మేవాడి బాధ్యత. మరీ చిన్న అక్షరాలతో "పూర్తిగా నీటి మొక్క కాదు" అని డబ్బా అడుగున రాస్తే ఆ బాధ్యత తీరిపోదు.

మొక్క పోతే పోయింది, కొన్నది పది డాలర్లది అనుకోవచ్చు. చేప సంగతి అలా కాదు. నీది 10 గ్యాలన్ల తొట్టి, అంటే 38 లీటర్లు. అంత కొద్ది నీళ్లలో ఆకు కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీళ్లలో ఆక్సిజన్ కూడా లాగేసుకుంటుంది. నువ్వు చెప్పిన ఆ తెల్లటి మబ్బు, ఆ వాసన, కుళ్లువల్లే అనిపిస్తోంది. బెట్టా చేప పైకొచ్చి గాలి మింగగలదు కాబట్టి ఊపిరి సంగతి ఎలాగో నెట్టుకొస్తుంది, కానీ అమ్మోనియాకి దాని మొప్పలు కాలిపోతాయి. బాబు దానికి పేరు కూడా పెట్టుకున్నాడు. అల్లుడుగారితో చెప్పి నీళ్లు పరీక్షించే కిట్టు తెప్పించు. అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ అనే ఇంకో విషం, రెండూ సున్నా చూపించాలి. చూపించకపోతే రోజూ పావు వంతు నీళ్లు మార్చు. పంపు నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు వెయ్యడం మర్చిపోకు.

ఇంకోటి, ఇది నర్సరీవాడిగా నాకు బాగా తెలిసిన విషయం. అలంకరణ మొక్కలకి పురుగు పట్టకుండా ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు వాడతారు. అది మొక్క లోపలికెళ్లి ఆకు ఆకులోనూ చేరుతుంది, పైపైన కడిగితే పోదు. కుండీ మొక్కకి అది మామూలే. రొయ్యలకి మాత్రం విషం. నువ్వు తర్వాత చిన్న రొయ్యలు వేద్దామంటున్నావు. నేల మొక్కలుగా పెంచినవాటిని తెచ్చి ఆ నీళ్లలో పెట్టకు.

ఇక మిగిలిన రెండు. కత్తుల్లా పొడుగాటి ఆకులున్నది అమెజాన్ స్వోర్డ్. దాని ఆకులు పసుపెక్కుతున్నాయని అదీ తీసి పారేస్తానన్నావు. దాన్ని ముట్టుకోకు! అది నిజమైన నీటి మొక్కే. పెంచే చోట చాలామంది దాన్ని నీళ్లపైకి ఆకులు వదిలి పెంచుతారు, తొందరగా ఎదుగుతుందని. నీ తొట్టిలోకి వచ్చాక ఆ గాలి ఆకులు రాలి, మధ్యలోంచి నీటి ఆకులు పుడతాయి. చూడ్డానికి చచ్చిపోతున్నట్టే ఉంటుంది, కానీ చావడం కాదు. పసుపాకుల్ని మొదలు దగ్గర కత్తిరించి తీసెయ్యి, మొవ్వులో కొత్త ఆకు వస్తోందేమో చూడు. మొవ్వు ఇసుకలో కూరుకుపోకూడదు. వేళ్లతో తినే మొక్క, పక్కనే ఇసుకలో ఎరువు బిళ్ల ఒకటి గుచ్చు. క్రిప్టోకొరైన్ అనే రకం తెచ్చినా ఇంతే, ముందు ఆకులన్నీ కరిగిపోయి తర్వాత వేళ్లనుంచి లేస్తుంది.

దళసరి ఆకుల చిన్న మొక్క అనూబియాస్. ఇదీ ఆఫ్రికాదే, వాగుల పక్కన రాళ్లని పట్టుకుని పెరుగుతుంది. అడ్డంగా పాకే దుంపని ఇసుకలో పాతేశావు, అందుకే అడుగున నల్లబడింది. పైకి తీసి, నల్లబడ్డది కోసేసి, దారంతో రాయికి కట్టు. తక్కువ వెలుగు చాలు. చాలా నెమ్మది మొక్క, కంగారుపడకు.

ఆ మూడింటినీ ఇవాళే బయటికి తీసెయ్యి. చెత్తలో వెయ్యనక్కర్లేదు. లక్కీ బాంబూ కాడ గట్టిగా ఉంటే గిన్నెలో రాళ్లు పోసి వేళ్లు మునిగేంత నీళ్లలో పెట్టు. మెత్తబడి పసుపెక్కిన కాడ ఇక రాదు. హెమీగ్రాఫిస్‌కి బాగున్న కొమ్మ ఉంటే కణుపు కింద కత్తిరించి తడిమట్టిలో గుచ్చు, సులువుగా వేరు పోస్తుంది. మోండో గ్రాస్‌ని కుండీలో నాటు. తొట్టి మీద పచ్చగా కనిపించాలని బాబుకి సరదాగా ఉంటే మనీ ప్లాంట్ కొమ్మ ఒకటి తొట్టి వెనక అంచున వేలాడదియ్యి. వేళ్లు నీళ్లలో, ఆకులు బయట. చేపల పెంటవల్ల పేరుకునే నైట్రేట్‌ని అది పీల్చుకుంటుంది. కాకపోతే ఆకు బాబు నోట్లో పెట్టుకోకుండా చూడు. కంద, చేమ కోస్తే చేతులు దురదపెడతాయే, వాటి కుటుంబమే ఇది, ఆ గుణమే ఉంటుంది. షాపుల్లో అక్వేరియం మొక్కలుగా కనిపించే డీఫెన్‌బాకియా, సింగోనియం, అగ్లోనిమా కూడా ఆ కుటుంబపు నేల మొక్కలే. డీఫెన్‌బాకియా మరీ గట్టిది, నమిలితే నోరు వాచిపోతుంది. పీస్ లిల్లీ వేళ్లని బెట్టా తిని బతుకుతుందని చెప్పి జాడీలో రెండూ కలిపి అమ్ముతారు, అది కొనొద్దు. బెట్టా తినేది పురుగులు, వేళ్లు కాదు.

ఈసారి కొనేటప్పుడు ముందు పేరు అడుగు. చీటీ మీద "ట్రాపికల్ ప్లాంట్", "అసార్టెడ్" అని మాత్రమే ఉంటే వదిలెయ్యి. శాస్త్రీయనామం ఉంటే నాకు వాట్సాప్ చెయ్యి, అక్కడ అర్ధరాత్రయినా పర్వాలేదు, ఇక్కడ పగలే. తెల్లచారలు, గులాబీ మచ్చలు ఉన్న ఆకు, చెక్కలా గట్టిపడ్డ కాడ, నీటిబొట్టు జారిపోయే నున్నటి మెరుపు కనిపిస్తే అనుమానించు. బయటికి తీస్తే నిటారుగా నిలబడ్డ ప్రతిదీ నేల మొక్కని అనకు, అనూబియాసూ నిలబడుతుంది, గాలిలో పెంచిన స్వోర్డూ నిలబడుతుంది. అందుకే పేరే నమ్మకం.

నీకు తేలిగ్గా బతికేవి చెబుతాను. వాలిస్‌నేరియా, మన కాలవల్లో రిబ్బన్లలా ఊగే నాచే. ఇసుక కింద పిలకలు పాకించి నిండిపోతుంది. జావా ఫెర్న్, దీన్నీ రాయికే కట్టాలి. వాటర్ విస్టీరియా, మన చెరువుగట్ల మీది నీరుగొబ్బికి బంధువు, మన దేశపు మొక్కే. నేలమీద మామూలు ఆకు, నీళ్లలో ముంచితే కొత్త ఆకులు కొత్తిమీరలా చీలికలు చీలికలుగా వస్తాయి. బాబుకి చూపించు, ఒకే మొక్క రెండు రకాల ఆకులు ఎలా వేస్తుందో వాడే కనిపెడతాడు. మన కాలవల్లో దొరికే హైడ్రిల్లా మాత్రం అక్కడ దొరికినా తేవద్దు. 1950ల్లో అక్వేరియం వ్యాపారం ద్వారానే ఫ్లోరిడా చేరి, చెరువులూ నదులూ కమ్మేసింది. టెక్సాస్‌లో నిషేధం. ఏ అక్వేరియం మొక్కనీ మీ ఇంటి వెనక వాగులో పారెయ్యకు, ఎండబెట్టి చెత్తలో వెయ్యి.

అమ్మ నీ కోసం కందిపొడి కొట్టించింది, వచ్చే నెల వచ్చేవాళ్లతో పంపుతుంది. నీళ్ల పరీక్షలో అంకెలు ఎంతొచ్చాయో రాత్రికి పెట్టు. స్వోర్డ్ మొవ్వు దగ్గరగా ఒక ఫోటో తియ్యి, వెలుతురు ఉన్నప్పుడు.

నాన్న